జుట్టుపోలిగాడికి హెల్మెట్ పెడదాం

కడప నుంచి రాయచోటికి రావాలంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల్సిందే. బయటి ఊళ్లవాళ్లకు గువ్వలచెరువంటే పాలకోవా. ఇక్కడివాళ్లకు ఆ పేరు వినగానే ఘాట్ మలుపులు, ఆ మలుపుల్లో జరిగిన ప్రమాదాలు కూడా గుర్తొస్తాయి. నిండు లోడుతో దిగే లారీ, దాన్ని ఎట్లాగైనా దాటాలనుకునే కారు, ఎదురుగా ఒకే బైకు మీద ముగ్గురు. నెమ్మదిగా వెళ్లండి అని చెప్పే బోర్డు ఉంటుంది, చదివేవాళ్లూ ఉంటారు. చదివి వేగం తగ్గించేవాళ్లు ఎందరు?

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 50,029 మంది హెల్మెట్ లేకుండా బైకు నడిపినవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకోవాలన్న మాట వీళ్లలో దాదాపు అందరి చెవిన పడే ఉంటుంది. తెలియడానికీ చేయడానికీ మధ్య చాలా దూరం ఉంది. బోర్డు మీది అక్షరం ఆ దూరాన్ని దాటించలేకపోతోంది. రోజూ చూసే బోర్డును కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. పైగా అది అందరికీ చెప్పే మాట కాబట్టి, తనకు చెబుతోందని ఎవరూ అనుకోరు. ముఖం ఉన్న బొమ్మ అట్లా కాదు. ముఖం కనబడితే కన్ను ఆగుతుంది. ఆ ముఖానికి ఒక పేరు, ఒక స్వభావం, ఒక బలహీనత ఉంటే అది మనకు తెలిసిన మనిషి అవుతుంది. తెలిసిన మనిషి మాటను తోసేయడం కష్టం.

ఈ కిటుకును బాగా వాడుకున్నవాళ్లలో అమెరికా అటవీ శాఖ ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అడవి మంటల ప్రచారానికి డిస్నీ వాళ్ల బాంబీ జింకపిల్ల బొమ్మను ఒక్క ఏడాదికి అరువు తెచ్చుకున్నారు. గడువు తీరాక సొంత బొమ్మ కావాల్సి వచ్చింది. అట్లా 1944 ఆగస్టులో టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి స్మోకీ పుట్టింది. మంటల్ని ఆపగలిగింది మీరొక్కరే అని చూసేవాడితో నేరుగా మాట్లాడే నినాదం 1947లో వచ్చింది. 1950లో న్యూమెక్సికో అడవిలో కాలిన గాయాలతో దొరికిన ఎలుగు పిల్లకు అదే పేరు పెట్టి వాషింగ్టన్ జూకు తెచ్చారు. దానికి వచ్చే ఉత్తరాలు ఎంత పెరిగాయంటే, తపాలా శాఖ దానికోసం విడిగా ఒక పిన్‌కోడే ఇచ్చింది. బొమ్మలో లోపమూ బయటపడింది. ప్రతి మంటా చెడ్డదే అన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. అడవి ఆరోగ్యానికి కొన్ని చిన్న మంటలు అవసరమని శాస్త్రవేత్తలు చెప్పినా వినిపించుకోవడం కష్టమైంది. చివరికి 2001లో నినాదంలో మాట మార్చుకోవాల్సి వచ్చింది. బొమ్మ చెప్పిన మాట అంత గట్టిగా నాటుకుంటుంది కాబట్టి, ఏం చెప్పించాలో ముందే బాగా ఆలోచించుకోవాలి.

టోక్యో పోలీసుల బొమ్మ పీపో-కున్ 1987లో వచ్చింది. జనం మాట వినడానికి పెద్ద చెవులు, ప్రతి మూలా చూడడానికి పెద్ద కళ్లు, ఊరి కదలికల్ని పసిగట్టడానికి తలమీద ఏరియల్. అందంకోసం పెట్టిన భాగం ఒక్కటీ లేదు. మన రైల్వేల భోలూ ఏనుగును అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్‌ఐడీ) తయారు చేసింది. రైల్వేలకు 150 ఏళ్లు నిండే సందర్భంలో, 2002లో, గార్డు వేషంతో చేతిలో పచ్చ దీపం పట్టుకుని వచ్చింది.

తెలుగునాట ఇట్లాంటి పాత్ర లేకపోలేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోడలమీద, హోర్డింగుల మీద ఒక ప్రశ్న వెలిసింది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా ఎవరో తెలియదు, జవాబు రాసి లేదు. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. అప్పటిదాకా నలుగురిలో పలకడానికే సిగ్గుపడిన జబ్బు పేరు టీ అంగడి దగ్గర నోళ్లలో నానింది. ఆ ప్రచారం సాధించిన పెద్ద పని అదేనని నా అభిప్రాయం.

2020 మార్చి చివర, లాక్‌డౌన్ మొదటి రోజుల్లో, అప్పటి కర్నూలు జిల్లా ప్యాపిలిలో ఒక పోలీసు అధికారి గుర్రం ఒంటిమీద కరోనా వైరస్ బొమ్మలు వేయించి, దానిమీద ఎక్కి వీధుల్లో తిరిగారు. కంటికి కనబడని పురుగు గురించి గంటసేపు మైకులో చెప్పినా పట్టించుకోనివాళ్లు తలుపు తీసి గుర్రాన్ని చూస్తారు. దాంతోపాటు అది చెప్పే మాటనూ చూస్తారు. ఖర్చు రంగులకే. మన పట్టణాల కూడళ్లలో యముడి వేషగాడు గద పట్టుకుని హెల్మెట్ లేనివాళ్లను ఆపడం కూడా ఈ కోవలోదే. యమగోల సినిమా రోజుల నుంచీ తెలుగువాళ్లకు యముడు చనువైన దేవుడు కాబట్టి, ఆ వేషం మన దగ్గర బాగా అతుకుతుంది.

అయితే యముడితో ఒక చిక్కు ఉంది. ఆయన చావు గురించి చెప్పి వెళ్లిపోతాడు. భయం ఒక్కటే పెడితే మనిషి చూపు తిప్పుకుంటాడని, నాకేం కాదులే అనుకుంటాడని ప్రచారాల మీద పరిశోధన చేసినవాళ్లు ఎప్పుడో తేల్చారు. భయంతోపాటు ఇప్పుడే, ఇక్కడే చేయగలిగిన చిన్న పని ఒకటి చూపించాలి. హెల్మెట్ పట్టీ బిగించు, వెనక కూర్చున్న బిడ్డకూ పెట్టు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరని చట్టంలో ఉంది. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఇంత దూరం వచ్చాక అసలు మాట చెబుతాను. రాయలసీమకు బయటి ఎలుగుబంటి అక్కర్లేదు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, అతని పెళ్లాం బంగారక్క, వాళ్ల మధ్య దూరే కేతిగాడు ఎన్నో తరాలుగా ఉన్నారు. రామాయణం మధ్యలో దూరి వాళ్లు ఊరి సంగతులు మాట్లాడతారు, తిట్టుకుంటారు, తప్పు చేసి దెబ్బలు తింటారు. రాముడు ఎన్నడూ తప్పు చేయడు కాబట్టి ఆయన చెప్పేది ఉపదేశం అవుతుంది. పోలిగాడు తప్పు చేస్తాడు. వాణ్ణి చూసి నవ్వినవాడు వాడిలో తన్ను చూసుకుంటాడు. ప్రచారాలకు పాత్రలు తయారుచేసేవాళ్లు ఇట్లాంటి మనిషి కోసమే వెతుకుతారు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆటలు తగ్గి, చాలామంది మేకతోలు మీద దీపాల తొడుగులు గీసి బతుకుతున్నారు. వాళ్ల చేత గువ్వలచెరువు ఘాట్ మొదట్లో పోలిగాణ్ణి గీయించండి. పక్కన బంగారక్క ఇట్లా అంటూ ఉండాలి: "ఏందబ్బీ, అంత బిరాన యాడికి పోతాండావు? ఇంటికి పోవల్లనే గదా!" ఇది ఘాట్‌లో నడిపే ప్రతివాడికీ తన ఇంట్లో మాటలా వినిపిస్తుంది. రాయచోటిలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉర్దూ మాట్లాడేవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. బొమ్మకు లిపి అవసరం లేదు.

రోడ్డు ఒక్కటే కాదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లమీద పడింది. ఏరు పెరుగుతుంటే ఏ దారిన, ఏ మెరకకు పోవాలో చూపించే బొమ్మ ఏటి ఒడ్డున ఉన్న ప్రతి బడి గోడమీదా ఉండాలి. ఆ క్షణంలో కాగితం తీసి చదివే తీరిక ఎవరికీ ఉండదు. చిన్నప్పటి నుంచీ చూసిన బొమ్మ మాత్రం గుర్తుంటుంది.

దీనికి కొన్ని షరతులున్నాయి. ఒక బొమ్మ ఒకే పని చెప్పాలి. ఏడాదికొకటి మార్చకుండా అదే ముఖాన్ని ఏళ్ల తరబడి ఉంచాలి. పక్కన నాయకుల ఫోటోలు చేరితే జనం చూపు అటే పోతుంది. గీసినవాళ్లకు కూలి సరిగా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, మలుపు దగ్గర రక్షణ గోడ లేకపోతే పోలిగాడు ఏమీ చేయలేడు. రోడ్డు బాగుచేయాల్సిన డబ్బును బొమ్మలకు పెట్టి చేతులు దులుపుకుంటే అది జనాన్ని మోసం చేయడమే.

రాయచోటి బడుల్లో బొమ్మలు నేర్పే అయ్యవార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. ప్రభుత్వ ఉత్తర్వు కోసం చూడకండి. ఈ వారమే మీ తరగతిలో జుట్టుపోలిగాడికి హెల్మెట్ గీయించి, బడి గేటు పక్కన, అమ్మానాన్నలు బైకు ఆపే చోట అంటించండి.