బీరంగూడ గుట్ట, బెర్లిన్ దాకా పోయిన ఒక విమానం

బీరంగూడ గుట్ట మీద మల్లికార్జున స్వామి గుడి ముందు నిలబడితే ఒకవైపు అమీన్‌పూర్ చెరువు, ఇంకోవైపు బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. శివరాత్రి జాతరకు కాలు పెట్ట సందుండదు. మామూలు రోజుల్లో మాత్రం కింద ముంబై హైవే మీది లారీల రొద కూడా ఇక్కడికి మెల్లగా వినిపిస్తుంది.

మొన్న పొద్దున తల మీదుగా చిన్న విమానం ఒకటి గుండ్రంగా తిరిగింది. మెట్ల మీద కూర్చున్న బడి పిలగాడు తల కూడా ఎత్తలేదు. "దుండిగల్‌ది సార్, రోజూ వస్తది" అన్నాడు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఇక్కడికి దూరమేం కాదు. వాయుసేన వాళ్లతో పాటు నౌకాదళం, తీర రక్షక దళం కుర్రాళ్లు కూడా అక్కడే ఎగరడం నేర్చుకుంటారు. వాళ్ల రెక్కల చప్పుడుకు ఈ ఊరి చెవులు అలవాటుపడ్డాయి.

ఈ నేల పేరు మోసుకుని విమానాలు యుద్ధానికి పోయి మాత్రం వందేళ్లు దాటింది. ఆ సంగతి వాడికి తెలియదు. నిన్నమొన్నటి దాకా నాకూ తెలియదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుక. పేరు డీహెచ్ 9ఏ. కట్టె చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, ముందు 400 హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజిన్. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టుకున్న అబ్జర్వర్. ఇద్దరి నెత్తి మీదా కప్పు లేదు, వీపున పారాచూట్ లేదు. ప్రతి విమానం పక్కన హైదరాబాద్ నిజాం కానుక అని రాసి ఉండేది. అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు.

1918 ఏప్రిల్ 1న బ్రిటన్ తన సైన్యం విమానదళాన్నీ నౌకాదళ విమానదళాన్నీ కలిపి రాయల్ ఎయిర్‌ఫోర్స్ చేసింది. అందులో జర్మనీ ఊళ్ల మీద బాంబులు వేయడానికి ట్రెంచార్డ్ అనే అధికారి నడిపిన ప్రత్యేక దళం ఒకటి. నౌకాదళంలో పుట్టిన 216వ స్క్వాడ్రన్ రాత్రిపూట పెద్ద హ్యాండ్లీ పేజ్ విమానాలతో పోయేది. మన పేరున్న 110వది పట్టపగలే పోయేది. పగలు పోవడమంటే శత్రువు కళ్ల ముందే పోవడం.

మొదటి దాడి సెప్టెంబర్ 14న. మూడు వారాలకే, అక్టోబర్ 5న, ఎఫ్ 1010 నంబరు విమానం జర్మన్ల చేతికి చిక్కింది. నడిపిన కెప్టెన్ ఇంగ్లిస్, అబ్జర్వర్ బాడ్లీ ఇద్దరూ ఖైదీలయ్యారు. నవంబర్ 11న యుద్ధం ముగిసింది. ఇంత చిన్నది వాళ్ల యుద్ధం. రెండు నెలలు నిండకుండానే స్క్వాడ్రన్ పోగొట్టుకున్న విమానాలెన్నో.

కానుక నిజాందే. కానీ ఖజానా నింపింది ఎవరు? చెరువు కింద వరి పండించి శిస్తు కట్టిన తెలంగాణ రైతు. ఆ రైతు విమానం చూసి ఉండడు. తన కష్టం జర్మనీ ఆకాశంలో ఎగురుతోందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. నాకు మనసులో గుచ్చుకునేది ఇదే. రాజు పేరు రాశారు, రైతు పేరు రాయలేదు. అయినా పక్కనే ఊరి పేరు రాశారు, అది మనది.

ఎఫ్ 1010 కథ అక్కడ ఆగలేదు. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బాంబుల భయానికి పోలండ్‌కు తరలించారు. 1977లో ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బ్రిటన్ వాళ్లు దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. బాగుచేసి లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో పెట్టారు. మన పేరున్న విమానం బొమ్మ మన బడుల్లో ఒక్క గోడ మీదైనా ఉండాలి.

ఫోన్‌లో ఆ విమానం ఫొటో తెరిచి పిలగాడికి ఇచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, విమానం పక్కనున్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. చివరికొచ్చేసరికి గొంతు పెరిగింది.

"హైదరాబాద్ అని ఉంది సార్!"