ఆ రెండు వారాలు ఏ ఉప్పు?

ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి సహోదరి ఒకామెకు థైరాయిడ్ క్యాన్సరు ఆపరేషన్ జరిగింది. తరువాత రేడియో అయోడిన్ మందు ఇచ్చుటకు బెంగుళూరు డాక్టర్లు తేదీ చెప్పి, ముందు రెండు వారాలు అయోడిన్ తక్కువ పథ్యం పెట్టారు. ప్రార్థనకు వెళ్లిన మేము వంటింట్లోనికీ వెళ్లాం.

మిగిలిన థైరాయిడ్ కణాలు అయోడిన్ కోసం ఆకలిగొనాలి. అప్పుడే ఆ మందును పీల్చుకొని నశిస్తాయి. రోజుకు 50 మైక్రోగ్రాములు మించరాదు. గొంతు వాపు రాకుండా మేలు చేసే మన ప్యాకెట్ ఉప్పు ఒక్క చెంచాలోనే (5 గ్రాములు) కనీసం 75 ఉంటుంది!

కల్లుప్పు ఫరవాలేదనుకున్నారు. సంచి చదివితే అదీ అయోడిన్ కలిపినదే. అయోడిన్ లేని ఉప్పు ఎక్కడ దొరుకునో ఆస్పత్రివారినే అడిగించాం. మరి జాడీలోని నిరుటి ఆవకాయ, డబ్బాలోని వడియాలు, అప్పడాలు? అన్నీ పాత ఉప్పువే. పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన, సముద్రపు చేపలు, బేకరీ రొట్టె కూడా మానాలి. సంగటి, అన్నం, కూరగాయలు, వేరుశనగ పచ్చడి ఆ ఉప్పుతో తినవచ్చు.

అసలు చిక్కు మన సంఘమే. పరామర్శకు వచ్చినవారు పెరుగన్నం తెస్తే, పాపం, కాదనలేక తిన్నది. దాచక ఆస్పత్రికి ఫోను చేయించాం. ఆదివారం ఆరాధనలో, "అరటిపండ్లు తప్ప ఏమీ తీసుకెళ్లవద్దు" అని చెప్పాం.

పుండ్లకు పూసే అయోడిన్ మందు, స్కానింగుకు ఎక్కించిన రంగు మందు సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ మాత్రలు సొంతంగా మానరాదు.

మందు ఇచ్చి, డాక్టరు సరే అన్నాక ఆవకాయ జాడీ తీయవచ్చు.