మీకు తెలుసా? హాంకాంగ్‌లో స్వల్పవ్యయ విహారము

హాంకాంగ్ ధనవంతుల నగరమే గాని మనబోటి వారికి తగినది కాదని తలంచువారు విక్టోరియా రేవులో ఒక దినము గడపి చూడవలెను. కౌలూన్ తీరము నుండి హాంకాంగ్ ద్వీపమునకు జనులను దాటించు స్టార్ ఫెర్రీకి మూలపురుషుడు ఆంగ్లేయుడు గాడు, చీనీయుడును గాడు. దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా యను పారసీ వర్తకుడు. నావలో పై అంతస్తు కంటె క్రింది అంతస్తునకు రుసుము తక్కువ. సముద్రపు గాలి మాత్రము రెంటికిని సమానమే! 1966లో ఈ నావల మొదటి తరగతి రుసుమును కేవలము ఐదు సెంట్లు పెంచబూనగా, ఒక యువకుని నిరాహారదీక్షతో మొదలైన నిరసన కొలదిదినములలోనే వీథులలో కల్లోలముగా పరిణమించెను.

ఆవలి యొడ్డున 1904 నుండి నడచుచున్న ట్రాములలో ఎంతదూర మేగినను రుసుము ఒక్కటే, అదియు దిగునప్పుడే చెల్లింపవలెను. అచ్చటి సెంట్రల్ అను పేట నుండి కొండవాలు నివాసములకు 1993లో నిర్మించిన సుమారు 800 మీటర్ల చలనసోపానములు పూర్తిగా ఉచితము. అయితే ఉదయము పదిగంటల వరకు, ఉద్యోగులు పనులకు దిగివచ్చుటకై, అవి క్రిందికే నడచును గనుక తొందరపడి ముందుగా వెళ్లినవారికి కాళ్లే గతి.

ఆ కొండ శిఖరమునకు 1888 నాటి పీక్ ట్రాము ప్రసిద్ధమే గాని వ్యయము హెచ్చు. సెంట్రల్ నుండి పోవు 15వ నంబరు బస్సు మలుపు మలుపునను రేవును చూపుచు, అంతకంటె చాల చౌకగా అచ్చటికే చేర్చును.