పాత కీర్తన పుస్తకములకు అంతర్జాల సూచిక

మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లు రైలు జంక్షనుగా మన విద్యార్థులకు సుపరిచితమే. అచ్చటనే 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కెథెడ్రలు కలదు. మసీదును తలపించు గుమ్మటములు, ఆలయమును తలపించు స్తంభములు ఒక్కచోట అమరిన నిర్మాణమది. దానిని సంకల్పించిన బిషప్ అజరయ్య (1874–1945) ఆరాధనలో తెలుగు కీర్తనలను ప్రోత్సహించెను. కర్ణాటక రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు రచించి, అంతకు పూర్వమే ఆ బాట వేసినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890).

ఇట్టి కీర్తనల పాత ప్రతులు చెదల పాలగుచున్నవి. ఒక ముద్రణలోని పాట తరువాతి ముద్రణలో చేరకపోవచ్చును. అప్పుడు ప్రతి పోయినచో పాటయు పోయినట్లే. కావున ఏ పాట ఏ పుస్తకమున ఏ పుటలో నున్నదో తెలుపు సూచిక కావలెను. అమెరికాలో లియొనార్డ్ ఎలిన్‌వుడ్ ప్రభృతులు వేలకొలది పాటల పుస్తకములకు చీటీలు వ్రాయించిరి. ఆ చీటీల సమాచారమే నేడు హిమ్నరీ అను అంతర్జాల కోశమునకు పునాది.

అందులో ముఖ్యమైన ఆధారము పాట తొలి పాదము. ఉర్దూ విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చును. దీవానులో గజళ్ళను రదీఫు కడపటి అక్షరమును బట్టి, అలిఫు మొదలు యే వరకు అమర్చుట మన సంప్రదాయము. అక్కడ తోక పట్టుకొని వెదకుదుము, ఇక్కడ తల పట్టుకొని వెదకవలెను!

తెలుగులో ఆ తలయే చిక్కు తెచ్చును. ఒక పుస్తకమున ‘యేసు’ అనియు, వేరొకదానిలో ‘ఏసు’ అనియు నుండును. మొదటిది యకారమునకు, రెండవది అచ్చులలోనికి పోవును. ‘వాఁడు’, ‘వాడు’ అను రూపములును కంప్యూటరునకు వేర్వేరు పదములే. శకటరేఫముతోను ఇదే తంటా. పాత రూపమును దిద్దివేయుట సులభమే కాని, అది ముద్రణకాలమును తెలుపు ఆనవాలును చెరుపుట యగును. నా మతమున రెండు గడులుండవలెను: ఒకదానిలో అచ్చైనది అచ్చైనట్లు, రెండవదానిలో వెదకుటకు నేటి వర్ణక్రమము.

రాగము, తాళము, కర్త పేరు, పుట తప్పక చేర్చవలెను. పాట సంఖ్యను మాత్రమే నమ్మరాదు, ముద్రణతో అది మారవచ్చును. ముఖపత్రము లేని ప్రతికి సంవత్సరము ఊహించి వ్రాయుటకన్న గడి ఖాళీగా విడుచుట మేలు. అట్టి ప్రతిలోని తొలి పాదములను వరుసగా ఎక్కించినచో, ఆ వరుస ఇదివరకు నమోదైన పూర్తి ప్రతితో సరిపోలి అది ఏ ముద్రణయో తేలవచ్చును.

జనగామ, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థులు ఇంటనో ఇరుగుపొరుగునో అట్టి ప్రతి చూచినచో యజమాని అనుమతితో మొదట విషయసూచిక పుటలను ఫొటో తీయుదురు గాక. త్వరగా చిరుగునవి అవియే.