నూనెలో నానే బెల్టు

వేలూరు చుట్టుపక్కల గుడియాత్తంలోనో తిరుపత్తూరులోనో పాత ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కారు బేరానికొస్తే అందరి చూపూ ముందు కిలోమీటర్ల మీదే పడుతుంది. నన్నడిగితే అది రెండో ప్రశ్న. బానెట్ కింద ఏ ఇంజిన్ ఉంది, అందులో ఏ నూనె పోశారు అన్నది మొదటిది.

ఈ బండి వేలూరుకు పొరుగుదే. బ్రెజిల్‌లో 2003లో మొదలైన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ రెండో తరాన్ని 2012 జనవరిలో ఢిల్లీలో చూపించి, 2013 జూన్‌లో భారత్‌లో అమ్మకానికి పెట్టారు. ఇక్కడి బండ్ల తయారీ చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో జరిగేది. పొడవు 3,999 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు ఆ ఒక్క మిల్లీమీటరు తగ్గించడంలోనే ఉంది కిటుకు. నాలుగు మీటర్లు దాటకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1,200, డీజిలైతే 1,500 సీసీ మించకుండా ఉంటే చిన్న కారు కింద లెక్కగట్టి సుంకం తగ్గించే ఏర్పాటు 2006 బడ్జెట్‌తో వచ్చింది. 999 సీసీ ఎకోబూస్ట్ ఇంజిన్ ఆ కొలతలో చక్కగా ఇమిడింది.

నిజంగా ముచ్చటైన ఇంజిన్ అది. మూడే సిలిండర్లు. ఇంజిన్ దిమ్మెను ఏ4 కాగితం మీద నిలబెట్టవచ్చు. టర్బో సాయంతో 125 పీఎస్ శక్తి. 2012 నుంచి వరసగా మూడేళ్లు ‘ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ బిరుదు దానిదే. మూడు సిలిండర్లకు సహజంగా ఉండే వణుకును అణచడానికి ఫ్లైవీలునూ ముందున్న పుల్లీనీ కావాలనే తూకం తప్పించారు! ఇక టైమింగ్ బెల్టు. క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును క్యామ్‌షాఫ్ట్‌కు అందించి వాల్వులను వేళకు తెరిపించేది అదే. చాలా కార్లలో పొడిగా తిరిగే ఆ రబ్బరు బెల్టును ఇందులో ఇంజిన్ నూనెలో తడుస్తూ తిరిగేలా పెట్టారు. రాపిడి తగ్గింది, చప్పుడూ తగ్గింది.

చిక్కు కూడా అక్కడే. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజిన్ ఇది. బజారుదాకా వెళ్లి, సరిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే కాలని పెట్రోలు కొంత నూనెలోకి జారుతుంది. అలా పలచబడ్డ నూనె గానీ, కంపెనీ చెప్పిన రకం కాని చౌక నూనె గానీ రబ్బరును మెత్తబరిచి పొట్టు రాలుస్తుంది. ఆ నల్లపొట్టు ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపులో నూనె పీల్చే జల్లెడకు అడ్డుపడుతుంది. నూనె ఒత్తిడి పడిపోతుంది. టర్బోకు, బేరింగులకు అదే చావుదెబ్బ. ఏలగిరి కొండదారి పద్నాలుగు మలుపులు ఎక్కేటప్పుడు టర్బో మీద భారం పడుతుంది, సరిగ్గా అప్పుడే నూనె అందకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

బ్రిటన్‌లో ఈ బెల్టుకు ఫోర్డ్ పెట్టిన గడువు పదేళ్లు లేదా సుమారు 2.4 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ లెక్కన 2013 బండి ఎంత తక్కువ తిరిగినా బెల్టు గడువు తీరిపోయినట్టే. ఈ ఇంజిన్ తర్వాతి రకాల్లో ఐరోపాలో ఫోర్డే చెయిన్‌కు మారింది.

ఎకోస్పోర్ట్ మిగతా ఇంజిన్ల సంగతికొస్తే, డీజిల్‌లోనూ, మొదటి 1.5 లీటర్ల పెట్రోల్‌లోనూ బెల్టు పొడిదే. 2017 నవంబరులో వచ్చిన మూడు సిలిండర్ల 1.5 పెట్రోల్‌లో మళ్లీ తడి బెల్టే. ఆటోమేటిక్ కావాలంటే మొదటి తరహా పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ జోలికి నేనైతే పోను. దాని క్లచ్‌ల వణుకు గురించి వచ్చిన ఫిర్యాదులను పట్టించుకున్న తీరుకు 2018లో ఆస్ట్రేలియా కోర్టు ఫోర్డ్‌కు కోటి డాలర్ల జరిమానా వేసింది.

2021 సెప్టెంబరులో భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామంది. అయినా అడ్వాన్సు ఇచ్చేలోపే నూనె బిల్లులు అడగండి. తడి బెల్టు బండైతే, అమ్మేవాళ్లు ఒప్పుకుంటే, సంపు విప్పించి జల్లెడ చూడండి. నల్లపొట్టు కనబడితే బెల్టు మార్పిడి ఖర్చు తగ్గించి బేరమాడటం కాదు, ఇంజిన్ లోపల ఇప్పటికే ఎంత అరిగిందో తేల్చుకోవాలి.