పోర్టు పరిధి

ఒక రేవు హద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చట్టప్రకారం ప్రకటించిన ప్రాంతమే పోర్టు పరిధి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో, మిగిలినవి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అందుకే విశాఖ పోర్టు 2021 నాటి మేజర్ పోర్టు అథారిటీల చట్టం కిందికి వస్తే, కృష్ణపట్నం, గంగవరం, మచిలీపట్నం రాష్ట్రం చూసుకునే రేవులయ్యాయి.

హద్దులు గీసే పద్ధతిని 1908 నాటి భారత ఓడరేవుల చట్టం నిర్దేశించింది. పోటు నీరు చేరే గీత నుంచి 50 గజాల వరకు, అంటే సుమారు 45 మీటర్ల మేర ఒడ్డును కూడా ప్రభుత్వం నోటిఫికేషన్‌తో పరిధిలో చేర్చే వీలుండేది; అక్కడి ప్రైవేటు ఆస్తి హక్కులు మాత్రం చెక్కుచెదరేవి కావు. వలలు ఆరబెట్టుకునే, పడవలు లాగి నిలిపే ఇసుక సరిగ్గా ఇదే కాబట్టి మత్స్యకారులకు ఈ నిబంధన ఎంతో ముఖ్యమైనదిగా ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అది రాష్ట్రాల మారిటైమ్ బోర్డులకు చట్టబద్ధ గుర్తింపునిచ్చింది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దారి వేరు. అక్కడి 1911 చట్టం పోర్టు జిల్లాను ఏర్పరచే నిర్ణయాన్ని స్థానిక ఓటర్లకే వదిలింది. సియాటిల్ పోర్టు అదే ఏడాది ఓటుతో పుట్టింది. కమిషనర్లనూ ప్రజలే ఎన్నుకుంటారు, ఆస్తిపన్ను వేసే అధికారమూ ఉంది. మన పోర్టు పరిధిలో అలాంటి ఎన్నిక లేదు, ఇది పెద్ద లోటే.