మీకు తెలుసా? పికప్ ఇంజన్‌ను దించడానికి చుక్క నీళ్లు చాలు

సిరిసిల్ల సాంచెలకు బీములు, బట్ట తానులు, చల్‌గల్ మార్కెట్‌కు మామిడికాయలు, మిల్లులకు వడ్లు, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి పసుపు. వేములవాడ చుట్టుపక్కల సరుకు ఏదైనా సగం దారి డీజిల్ పికప్ మీదే పోతుంది. దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది చేతిలో ఉన్న డబ్బుకు కొంత ఫైనాన్స్ కలిపి కొనేది కూడా ఈ బండినే. రాజన్న గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి అడ్డా మీద పెడతారు. ఆ తర్వాత మొదటి ఖర్చు ఎటు పోతుందో చూడండి: పాటల డబ్బా, రంగు లైట్లు, అదనపు కమాన్ పట్టీలు. అదే డబ్బు ఇంకోచోట పెడితే బండి ఏళ్ల తరబడి ఇంజన్ పని అడగకుండా నడుస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ముందు ఇంజన్ దేనికి భయపడుతుందో తెలియాలి.

డీజిల్ ఇంజన్‌కు నిప్పు ఎవరు పెడతారు?

ఎవరూ పెట్టరు. పెట్రోలు బండిలో ఉన్నట్టు మంట పుట్టించే ప్లగ్గు ఇందులో ఉండదు. పిస్టన్ గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీల పైకి వేడెక్కి, చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన సూత్రం ఇదే. నూట పాతికేళ్లు దాటినా సూత్రం మారలేదు, మారిందల్లా డీజిల్‌ను చిమ్మే తీరు. ఇప్పటి కామన్ రెయిల్ బండ్లలో నాజిల్‌కు చేరే డీజిల్ ఒత్తిడి 1600 బార్, అంతకు పైన కూడా. మీ బండి టైర్లో గాలి ఒత్తిడికి ఇది కొన్ని వందల రెట్లు. అంత ఒత్తిడిని పట్టి ఉంచడానికి నాజిల్ లోపలి భాగాల మధ్య వదిలే సందు రెండు మూడు మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

ఆ సందులో కదిలే ముక్కలకు డీజిలే ఆయిల్, వేరే ఆయిల్ అందదు. అక్కడికి డీజిల్ బదులు నీళ్లు చేరితే ముక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, తుప్పు పడతాయి. ఒక్కసారి గీత పడిన నాజిల్ మళ్లీ సరిగా చిమ్మదు. సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది, పొగ పెరుగుతుంది, ఇంజన్ లాగుడు తగ్గుతుంది. చివరికి నాజిళ్ల సెట్టు మార్చమంటారు. ఆ బిల్లు నెలల కిరాయిని మింగేస్తుంది.

ఇంత నష్టాన్ని ఆపేది డీజిల్ ఫిల్టర్ అడుగున ఉండే చిన్న ప్లాస్టిక్ మర. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి ఫిల్టర్ గిన్నె అడుగుకు దిగుతాయి. పొద్దున బండి కదలకముందు, రాత్రంతా నిలిచిన నీళ్లు అడుగున ఉన్నప్పుడే, ఒక గాజు గ్లాసు పట్టుకొని ఆ మరను రెండు చుట్లు వదలండి. మొదట జారేది మసకగా ఉంటుంది. గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగున ముత్యాల్లాగా గుండ్రంగా దొర్లేవి నీటి బొట్లు, పైన తేటగా నిలిచేది డీజిల్. బొట్లు రావడం ఆగి తేట డీజిల్ పడగానే మర బిగించి, హ్యాండ్ పంపు ఉంటే నాలుగు సార్లు నొక్కి గాలి తీసేయండి. వానాకాలంలో ఈ పని నెలకోసారన్నా చేయాలి. డ్యాష్‌బోర్డులో నీటి గుర్తు వెలిగిందంటే మాత్రం అప్పటికప్పుడే చేయాలి.

డీజిల్ ట్యాంకులో బూజు పడుతుందా?

పడుతుంది. నీళ్లకూ డీజిల్‌కూ మధ్య పొరలో బతికే సూక్ష్మజీవులు, బూజులు ఉన్నాయి. వాటికి నీళ్లు ఇల్లు, డీజిల్ తిండి. నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపేసిన బండిలో ఇవి పెరిగి నల్లటి జిగురులా ఫిల్టర్‌ను మూసేస్తాయి. సీజన్ అయిపోయి బండిని షెడ్డులో పెట్టేవాళ్లు ట్యాంకు నింపి పెట్టడం మంచిది. లోపల ఖాళీ తగ్గితే గాలిలోని తేమ ట్యాంకు గోడలకు పట్టి నీళ్లుగా మారేందుకు చోటూ తగ్గుతుంది.

ఆయిల్ నల్లబడిందంటే చెడిపోయినట్టా?

కాదు. డీజిల్ ఇంజన్‌లో పోసిన కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకొని పిస్టన్‌కు అంటకుండా మోయడం దాని పని, ఆ పని చేస్తున్నందుకే ఆ నలుపు. మార్చే గడువుకు రంగును కాకుండా కిలోమీటర్లను, నెలలను నమ్మండి. బరువు మోత, దుమ్ము దారి ఉన్నవాళ్లు కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్చడం మేలు.

ఆయిల్ కడ్డీ తీసి చూసినప్పుడు మట్టం తగ్గితే అందరూ కంగారు పడతారు. పెరిగినా పడాలి. బీఎస్-6 బండిలో పొగగొట్టం ఫిల్టర్‌లో మసిని కాల్చడానికి ఇంజన్ కొంత డీజిల్‌ను అదనంగా చిమ్ముతుంది. ఆ కాల్చుడు మధ్యలో ఆగిపోతూ ఉంటే అందులో కొంత ఆయిల్‌లోకి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. మట్టం పై గీత దాటిందంటే గడువుతో పని లేకుండా మార్చేయాలి.

పది పన్నెండు కిలోమీటర్ల కిరాయి బండికి మంచిదేనా?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. చాలా డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ చేరింది. పట్టిన మసి కాలాలంటే అక్కడ దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, బండి ఒకే ఊపున కొంతసేపు నడవాలి. వేములవాడ, సిరిసిల్ల మధ్య పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతూ, షాపు షాపు దగ్గర ఆపుతూ ఉంటే ఆ వేడి పుట్టదు. అందుకే అలాంటి బండిని అప్పుడప్పుడు కరీంనగర్ రోడ్డెక్కించి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపాలి. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగాక కూడా పట్టించుకోకపోతే డీపీఎఫ్‌నే విప్పాల్సి వస్తుంది. ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. పాత గ్రేడు ఆయిల్ చౌకగా వచ్చిందని పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, అది ఎంత వేడికీ కాలదు.

కొన్ని డీజిల్ బండ్లకు పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం ట్యాంకు కూడా ఉంటుంది. అది శుద్ధమైన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం. ఇంట్లో పొలానికి తెచ్చిన బస్తా ఉంది కదా అని నీళ్లలో కలిపి పోసేరు! మన దగ్గర పొలానికి వచ్చే యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, ఆ యూరియాలోని మలినాలు కలిసి వేలకు వేలు పోసి కొన్న శుద్ధి యంత్రాన్ని పాడుచేస్తాయి. పైగా సబ్సిడీ యూరియాను వేరే పనికి వాడటం నేరం.

దుమ్ము ఇనుమును తింటుందా?

తింటుంది. గంగాధర, కొత్తపల్లి వైపు గ్రానైట్ క్వారీల దారిలో లేచే దుమ్ములో ఉండే స్ఫటిక రేణువులు ఇంజన్ లోపలి ఇనుము కన్నా గట్టివి. ఎయిర్ ఫిల్టర్ అంచు సరిగా కూర్చోకపోయినా, కాగితం చిరిగినా ఆ రేణువులు సిలిండర్ గోడను గీరేస్తాయి, బోరింగ్ పని తొందరగా వచ్చిపడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలితో ఫిల్టర్‌ను బయటి నుంచి దబదబా కొడితే దుమ్ము లోపలికే దిగుతుంది, కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. కొట్టక తప్పదంటే లోపలి నుంచి బయటికి, దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో కొట్టించండి. రెండు మూడు సార్లు అయ్యాక కొత్తది వేయండి. డీజిల్ బండి విడిభాగాల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది నాకు ఇంకొకటి కనిపించదు.

వడ్ల సీజన్‌లో ఇంకో సంగతి. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పొల్లు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన రోజున మామిడి లోడుతో ఇంజన్ కాగిపోతే మెకానిక్ ముందు వాటర్ పంపును అనుమానిస్తాడు. ముందుగా రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి కడిగి చూడండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పేరుకునేదే ఇంజన్ నీటి దారుల్లోనూ పేరుకుంటుంది. పలుచని పొర చాలు, వేడి బయటికి పోదు. కూలెంట్‌ను శుద్ధ జలంతో సగం సగం కలిపి, మూత సరిగా ఉంటే దాని మరిగే స్థాయి 125 డిగ్రీల దాకా పెరుగుతుంది, తుప్పూ ఆగుతుంది. ఆ మూత రబ్బరు పగిలితే కూలెంట్ ఎంత మంచిదైనా త్వరగా మరుగుతుంది. మూతకయ్యే ఖర్చు కొద్దిపాటిదే కాబట్టి రెండు మూడేళ్లకోసారి మార్చేయండి.

పావు వంతు ఎక్కువ లోడు వేస్తే బేరింగ్ ఆయుష్షు ఎంత తగ్గుతుంది?

సగానికి. రోలర్ బేరింగు మీద బరువు 25 శాతం పెరిగితే దాని లెక్కప్రకారం ఆయుష్షు సగం కన్నా తక్కువకు పడిపోతుంది. ఇది ఇంజనీర్లు ప్రపంచమంతా వాడే సూత్రం. రోడ్డుకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ. అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్లు వేసి, వాటి మీద 1958 నుంచి 1960 వరకు లారీలను పదే పదే నడిపి చేసిన పరీక్షలో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు పదహారు రెట్లు అవుతుందని తేలింది.

అదనపు కమాన్ పట్టీలు వేయించినవాళ్లు బండి మోత పెరిగిందనుకుంటారు. వెనక భాగం కుంగడం తగ్గుతుంది, అంతే. బ్రేకులు, హౌసింగ్, బేరింగ్, ఛాసిస్, టైరు పాతవే. టైరు పక్కన రాసిన లోడు అంకె చూడండి: 106 అని ఉంటే ఆ ఒక్క టైరు 950 కిలోల వరకే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000.

ఈ బరువు బ్రేకుల మీద ఎలా పడుతుందో కొండగట్టు లాంటి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. అదే ఘాట్‌లో 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. జగిత్యాల జిల్లా ఆ రోజును మరచిపోలేదు. ఆ దిగుడు దిగే ప్రతి డ్రైవరన్నకూ ఈ లెక్క తెలియాలి: కొత్త డాట్-3 బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీలకు గానీ మరగదు. గాలిలోని తేమ పీల్చి పీల్చి పాతబడితే 140కే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు నిండుతాయి, కాలు కింద పెడల్ మెత్తగా నేలకు దిగుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చండి. కొండ ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, న్యూట్రల్ మాటే వద్దు.

టైరు పుట్టిన తేదీ టైరు మీదే ఉంటుందా?

ఉంటుంది. పక్క గోడ మీద నాలుగంకెలు వెతకండి. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. షాపువాడు కొత్తదని చెప్పిన టైరు మూడేళ్ల కిందటిదైతే వేరేది అడగండి.

వంటనూనెతో నడుస్తుందా?

1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లినూనెతో నడిపి చూపించారు. మన పక్కనే, నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గ్రామం కానుగ గింజల నూనె మీద ఆధారపడి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు సంపాదించింది. అయితే కామన్ రెయిల్ బండిలో పచ్చి నూనె పోయకండి. అది చిక్కటిది, జిగురు కట్టి నాజిల్‌లోని ఆ రెండు మూడు మైక్రాన్ల సందును మూసేస్తుంది.

బండికి ఏవి చేర్చవచ్చు, ఏవి కూడదు?

కంపెనీ ఇచ్చిన రూపాన్ని, రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలను మార్చే మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చిప్ మార్చి బలం పెంచడం, డీపీఎఫ్ తీసేయించడం ఇంజన్‌కూ చేటు, కాగితాలకూ చేటు. నేనైతే డబ్బును మంచి ఫిల్టర్లకు, సరైన లోడు అంకె ఉన్న టైర్లకు, ఛాసిస్ అడుగున తుప్పు పట్టనివ్వని పూతకు, రాత్రి దూరం నుంచే కనిపించే రిఫ్లెక్టర్ టేపుకు పెడతాను. లోడు దింపి ఇంజన్ ఆపేముందు ఒక నిమిషం ఊరికే తిరగనివ్వడానికి అసలు ఖర్చే లేదు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతుంది. వేడిమీద ఉండగానే ఇంజన్ ఆపితే ఆ ఆయిల్ అక్కడే మాడిపోతుంది.

పాత పికప్ కొనేటప్పుడు?

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చల్లటి ఇంజన్ ఎంతసేపు సెల్ఫ్ కొడితే అందుకుంటుందో, ఏ రంగు పొగ వదులుతుందో చూస్తే నాజిళ్ల పరిస్థితి సగం తెలిసిపోతుంది. అందుకున్నాక ఆయిల్ పోసే మూత తీయండి. ఆవిరి ఎగదన్నినట్టు పొగ బుసబుసా వస్తే రింగులు అరిగాయి, ఇంజన్ పని దగ్గర్లోనే ఉంది. రేడియేటర్ మూత లోపల జిడ్డు తేలుతుందేమో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపలి వైపు వేలు పెట్టి రాస్తే దుమ్ము అంటుతుందేమో కూడా చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉందంటే, రేపు పొద్దున ఆరు గంటలకు మళ్లీ వస్తానని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి రండి.